ఇంటి మాటకు బడిలో చోటు

బోధను ప్రాంతంలో చెరకు రసం నుండి తీసే తెల్లని తీపికి ఎన్ని పేర్లున్నవో లెక్కపెట్టి చూచినవారు తక్కువ. కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి వచ్చి కాలువల క్రింద స్థిరపడిన కుటుంబాలలో అది పంచదార. తరతరాలుగా ఇక్కడనే ఉన్న తెలుగు ఇండ్లలో చక్కెర. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో శక్కర్. కర్మాగారం చుట్టూ వెలసిన శక్కర్‌నగర్‌కు ఆ మాట మీదనే పేరు వచ్చినది. సరిహద్దు మరాఠీ ఇండ్లలో సాఖర్. జుక్కల్ వైపు కన్నడం మాట్లాడేవారికి సక్కరె. పంచదార ఒక్కటి విడిచిపెడితే తక్కిన నాలుగింటికీ మూలం సంస్కృతంలోని శర్కర శబ్దమే. ఆ శబ్దమే పారశీక, అరబ్బీ భాషల మీదుగా పడమటికి ప్రయాణం చేసి ఇంగ్లీషువారి షుగర్ అయినది.

పెద్దలకు ఇది వినోదం కలిగించే సంగతి. మూడేండ్లు నిండి, మొదటిసారిగా తల్లి కొంగు విడిచి అంగన్‌వాడీ గడపలో అడుగుపెట్టిన బిడ్డకు మాత్రం వినోదం కాదు. తాను ఎరిగిన మాట అక్కడ చెల్లుతుందా, చెల్లదా అన్నది ఆ బిడ్డకు జీవితంలో మొదటి పరీక్ష. అట్టి పరీక్ష ఒకటి జరుగుతున్నట్లు గదిలోని పెద్దలకు తరచుగా తెలియను కూడా తెలియదు.

ఇన్ని భాషలు ఒక్కచోట చేరడానికి కారణం నీరు. మంజీర నదిపై నిజాంసాగరు నిర్మాణం 1923లో మొదలై 1931లో ముగిసినది. ఆ కాలువ నీరు పారిన మేర, జొన్నలు పండిన నేలలో వరి, చెరకు పండసాగినవి. నీటి సేద్యం తెలిసిన కోస్తా జిల్లాల రైతులు తరలివచ్చి భూములు కొని ఊళ్లు వేసికొన్నారు. ఆ ఊళ్లకు క్యాంపులని పేరు; వర్ని, కోటగిరి ప్రాంతాలలో ఆ పేరు నేటికీ వాడుకలో ఉన్నది. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారం స్థాపించబడినది. ఒకప్పుడు అది ఆసియాలోనే పెద్దదని ప్రతీతి. పని కోసం, ఉద్యోగాల కోసం నలుదిక్కుల నుండి జనం వచ్చి చేరినారు. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడినది గాని, దాని నీడన చేరిన కుటుంబాలలో అనేకం ఇక్కడనే ఉండిపోయినవి.

దీనికి తోడు సరిహద్దు. రెంజల్ మండలంలోని కందకుర్తి వద్ద మంజీర గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డున మహారాష్ట్రం. 1956లో రాష్ట్రాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు, అంతవరకు నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలో ఉన్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు నిజామాబాదు జిల్లాలో చేరినవి. 2016 నుండి అవి కామారెడ్డి జిల్లాలోనివి. గీతలు మారినంత సులభంగా ఇంటి భాష మారదు గదా! ఇక గుట్టల అంచున లంబాడీ తండాలు. నిజామాబాదు పట్టణంలో ఉర్దూ మాట్లాడే పేటలు, నేతవారి ఇండ్లు, బీడీలు చుట్టే తల్లుల వాకిళ్లు. ఒక్క పేటలోని అంగన్‌వాడీలో ఇరువది మంది పిల్లలుంటే, అందులో మూడు నాలుగు ఇంటి భాషలు ఉండడం ఇక్కడ వింత కాదు.

భాషను గురించిన అవమానం ఎట్టిదో తెలంగాణానికి ఒకరు చెప్పనక్కరలేదు. 1921 నవంబరులో హైదరాబాదులో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగినది. ఇతర భాషలలో ఉపన్యాసాలు సాగిన ఆ సభలో అల్లంపల్లి వెంకటరామారావుగారనే న్యాయవాది తెలుగులో మాట్లాడడానికి లేచేసరికి, సభలో కొందరు గోల చేసి ఆయనను మాట్లాడనీయలేదు. మనసు నొచ్చిన కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజన సంఘానికి పునాది వేసినారు. అది పెరిగి ఆంధ్ర మహాసభ అయినది. దాని ఆరవ సమావేశం 1937లో నిజామాబాదులోనే జరిగినది. బోధనులో కర్మాగారం వెలసిన సంవత్సరమే అది. మాతృభాషలో ప్రాథమిక విద్య కావాలన్నది ఆ ఉద్యమం కోరికలలో ముఖ్యమైనది. ఉన్నత విద్య ఉర్దూలో సాగిన ఆ రోజులలో, అర్థం కాని పాఠం ముందు కూర్చున్న పిల్లవాని అవస్థ ఎట్టిదో మన తాతల తరం స్వయంగా ఎరిగినది.

వారు పెద్దవారు, చదువుకొన్నవారు. అవమానం కలిగినప్పుడు సంఘం పెట్టుకొన్నారు. మూడేండ్ల బిడ్డ ఏం చేస్తాడు? మాట్లాడడం మానివేస్తాడు.

ఈ మౌనాన్ని గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. తండా నుండి వచ్చిన ఒక పిల్లను ఊహించుకొందాము. తల్లిని ‘యాడీ’ అని పిలుస్తుంది. ఇంట్లో రోజంతా గలగల మాట్లాడుతుంది. ఏ మేక ఏ పిల్లను ఈనినదో చెప్పగలదు. నిన్న జరిగినదానికి ఒక విధంగా, రేపు జరగబోయేదానికి మరొక విధంగా క్రియలను మార్చి పలుకుతుంది. ఈ వ్యాకరణం ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు; విని, తానే పట్టుకొన్నది. మూడేండ్లలో మనిషి సాధించే ఘనకార్యాలలో ఇంతకు మించినది లేదు. అట్టి పిల్లను తెచ్చి గదిలో కూర్చుండబెట్టి, బొమ్మ చూపి, తెలుగులో ‘ఇదేమిటి?’ అని అడుగుతారు. పిల్ల చూస్తుంది, పలుకదు. రెండవ రోజూ అంతే. వారం తిరిగేసరికి ‘ఈ పిల్లకు ఏమీ రాదు’ అన్న మాట పుడుతుంది. ఆ మాట ఆయా నోట పడి, ప్రక్కయింటికి చేరి, చివరకు తల్లి చెవిన పడుతుంది. తల్లి కూడా నమ్ముతుంది. ఒకటవ తరగతిలో చేరేనాటికి ఆ పిల్లకు అదే పేరు.

కొత్త భాష మధ్య పడిన బిడ్డ కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు పలుకకుండా ఉండడం సహజమని శిశువిద్యను పరిశీలించినవారు చెప్పుచున్నారు. ఆ కాలంలో బిడ్డ ఖాళీగా ఉండడు. వింటాడు, పోల్చుకొంటాడు, ఏ శబ్దం వచ్చినప్పుడు అందరూ లేస్తున్నారో, ఏ మాటకు పళ్లాలు వస్తున్నవో గమనిస్తాడు. పాట పాడేటప్పుడు నోరు కదపకపోయినా చేతులు ఆడిస్తాడు. ఒకనాడు ఒక మాట, తరువాత రెండు మాటలు, ఆ తరువాత ఇతర పిల్లలు అనే పూర్తి వాక్యం ఉన్నదున్నట్లుగా. కళ్లు పాటను అనుసరిస్తున్నవా, తోటిపిల్లలతో ఆడుకొంటున్నాడా అని చూస్తే చాలు. చదువు సాగుచున్నదో లేదో తెలిసిపోతుంది.

ఇక్కడ రెండవ వైపు పొరపాటు కూడా ఒకటి ఉన్నది. భాష కొత్త గనుక పలుకడం లేదులే అని సరిపెట్టుకొని, వినికిడి లోపమున్న బిడ్డను సంవత్సరాల తరబడి గమనించకుండా విడిచిపెట్టడం. ఈ రెంటినీ వేరుచేసే ప్రశ్న ఒక్కటే: ఇంట్లో మాట్లాడుతుందా? తన భాషలో ధారాళంగా మాట్లాడే పిల్ల బడిలో మౌనంగా ఉంటే ఓపిక పట్టవలసినది బడి. ఇంట్లోనూ పలుకక, వెనుకనుండి పిలిస్తే తిరిగి చూడని పిల్లను ఆలస్యం లేకుండా వైద్యునికి చూపవలెను. తల్లితో ఐదు నిమిషాలు మాట్లాడితే తేలే విషయమిది. తల్లి భాష టీచరుకు రాకపోతే ప్రక్కయింటి ఇల్లాలు నడుమ నిలుస్తుంది.

పలుకని బిడ్డకు చదువు కంటె ముందు వచ్చే కష్టాలు వేరే ఉన్నవి. దప్పిక వేస్తే ఎట్లా అడగవలెను? తెలుగు పిల్ల ‘నీళ్లు’ అంటుంది, ఉర్దూ పిల్ల ‘పానీ’, మరాఠీ పిల్ల, లంబాడీ పిల్ల ‘పాణీ’. ఈ మాట ఎవరికైనా తెలుస్తుంది. కాని దొడ్డికి వెళ్లవలసి వచ్చినప్పుడు, కడుపు నొచ్చినప్పుడు, తోటివాడు కొట్టినప్పుడు ఏ ఇంట ఏ మాట వాడుతారో ఆ ఇంటివారికే తెలియును. అడుగలేక బట్టలు తడుపుకొన్న బిడ్డను చూచి గది అంతా నవ్వినదనుకొనండి. మరునాడు ఆ బిడ్డ రానని ఏడ్చుటలో ఆశ్చర్యమేమున్నది? బడి మానిన పిల్లల లెక్కలలో ఇట్టి కారణాలు ఎక్కడా కనిపించవు.

‘అయితే ఇంట్లో కూడా తెలుగే మాట్లాడండి, లేదా ఇంగ్లీషే మాట్లాడండి’ అని తల్లులకు సలహా చెప్పేవారున్నారు. 2022–23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టిన తరువాత ఈ సలహాకు బలం హెచ్చినది. తల్లిదండ్రుల ఆశను తప్పుపట్టరాదు. ఇంగ్లీషు వస్తే ఉద్యోగం వస్తుందని వారు కళ్లారా చూస్తున్నారు. కాని ఆ సలహా మాత్రం మంచిది కాదు. పది ఇంగ్లీషు మాటలు తెలిసిన తల్లి ఆ భాషలో బిడ్డతో పది మాటలే మాట్లాడగలదు. కథ చెప్పలేదు, ఎందుకని అడిగిన దానికి బదులు చెప్పలేదు, కోపం వచ్చినప్పుడు తిట్టలేదు, తరువాత బుజ్జగించనూ లేదు. బిడ్డకు దక్కవలసిన వేల మాటలు పదిమాటలకు కుదించుకొనిపోతవి. పసితనంలో రెండు భాషలు వినడం వలన బుద్ధి తికమకపడుతుందన్నది కూడా అపోహయే. ఒకే వాక్యంలో రెండు భాషల మాటలు కలిపినంత మాత్రాన తికమకపడినట్లు కాదు. బోధను అంగడిలో బేరమాడే పెద్దలందరూ చేస్తున్న పని అదే.

ఇల్లు ఇచ్చిన భాషపైననే బడి తన భాషను కట్టవలెనన్న మాట క్రొత్తది కాదు. ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ 1953లోనే ఒక నివేదికలో ఈ సంగతి స్పష్టంగా చెప్పినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించవలెనని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం చెప్పుచున్నది; ఆ అధికరణం 1956లో, అనగా ఈ సరిహద్దులు మారిన సంవత్సరంలోనే, చేరినది. 2009 నాటి విద్యాహక్కు చట్టం సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధన అన్నది. 2020 జాతీయ విద్యావిధానం, 2022లో వచ్చిన పునాదిదశ పాఠ్యప్రణాళికా చట్రం అదే దారి పట్టినవి. చట్టాలకు కొరత లేదు.

చట్టాల కంటె ముందు మనుషులున్నారు. గిడుగు రామమూర్తిగారు వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా అందరికీ తెలుసు. అంతకుముందే పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్నప్పుడు, ఆ కొండలలోని సవరల భాషను తాము నేర్చుకొని, ఆ భాషలో పుస్తకాలు వ్రాసి, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పే బడులు పెట్టినారని తెలిసినవారు అంతమంది లేరు. గురువే ముందు శిష్యుడై, పిల్లల భాష నేర్చుకొన్నాడన్నమాట. ఆ దారిలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం 2004 ప్రాంతంలో గిరిజన పిల్లలకు ఎనిమిది భాషలలో తొలి చదువు ప్రారంభించినది. సవర, కోయ, గోండీ, కొలామీలతో పాటు బంజారా, అనగా లంబాడీ, కూడా అందులో ఒకటి.

ఆ ప్రయత్నం మెచ్చదగినది. కాని అది తీర్చిన చిక్కు వేరు, బోధను చిక్కు వేరు. కొండ మీది ఊరిలో పిల్లలందరిదీ ఒకే భాష. ఆ భాషలో ఒక వాచకం వేస్తే పని జరుగుతుంది. ఇక్కడ ఒక్క చాప మీద నాలుగు భాషలు కూర్చుంటవి. నాలుగు వాచకాలు వేసినా చదివి వినిపించే టీచరు ఒక్కతే. ఆమెకు నాలుగు భాషలు రావాలనడం అన్యాయం. ప్రస్తుతం ఆమెకు ఉన్న రిజిస్టర్లు, తూకాలు, పోషకాహార లెక్కలు చాలు.

అయినా ఉపాయం లేకపోలేదు. ఒక్కొక్క ఇంటి భాషలో ముప్పది మాటలు నేర్చుకోవడం ఎవరికీ అసాధ్యం కాదు: రా, కూర్చో, నీళ్లు, అన్నం, నొప్పి, అమ్మ వస్తుంది, భయపడకు వంటివి. ఒక కాగితం మీద వ్రాసి గోడకు అంటించుకొంటే పక్షం రోజులలో నోటికి వస్తవి. టీచరు తెలుగు ఇంటి స్త్రీ అయి, ఆయా ఉర్దూ లేక లంబాడీ ఇంటి స్త్రీ అయిన చోట ఆ కేంద్రం అదృష్టం చేసుకొన్నట్లే. ఆయాను వంటకు, ఊడ్పుకు మాత్రమే పరిమితం చేయక కథ చెప్పమని కూర్చుండబెట్టవచ్చు. వారానికొక దినం ఒక తల్లినో అవ్వనో పిలిపించి, ఆమె భాషలో ఒక జోలపాట పాడించవచ్చు. అర్థం కాకపోయినా పిల్లలందరూ వింటారు. పాట పాడినది ఫలానావాడి అమ్మ అని తెలిసిన క్షణం నుండి ఆ పిల్లవాని కూర్చునే తీరే మారిపోతుంది. న్యూజీలండులో మావోరీ జాతివారు 1982లో ఈ సూత్రం మీదనే తమ శిశువిహారాలు స్థాపించినారు. వాటికి ‘భాషా గూళ్లు’ అని అర్థం వచ్చే పేరు పెట్టినారు. అక్కడ బిడ్డలకు మాట నేర్పేది అవ్వలు, తాతలు.

అంగన్‌వాడీ అన్న పేరులోనే ఈ భావం ఉన్నది. అంగన్ అంటే వాకిలి. మహారాష్ట్రంలో తారాబాయి మోదక్ గారు 1945లో సముద్రతీరాన బోర్డీ గ్రామంలో పల్లెపిల్లల కోసం శిశువిద్యాకేంద్రం ప్రారంభించినారు. పేదపిల్లలు బడికి రాకపోతే బడియే వారి వాకిట్లోకి పోవలెనన్నది ఆమె, ఆమె సహచరి అనుతాయి వాఘ్ గారు పట్టిన పద్ధతి. ఖరీదైన విదేశీ పరికరాలకు బదులు గవ్వలు, గింజలు, ఆకులు, మట్టి వాడినారు. 1975 అక్టోబరు 2న దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైనప్పుడు ఈ పేరే దేశమంతటా వ్యాపించినది. వాకిలి పేరు మోస్తున్న బడిలో వాకిటి మాటకు చోటు లేకపోవడం విచిత్రం.

ఇంతవరకు వేరు వేరు భాషలను గూర్చి చెప్పినాను. తెలుగులో తెలుగుకే కలిగే చిక్కు ఇంకొకటి. కొన్ని ప్రాంతాల తెలుగులో, పిల్లల కథలలో, ‘అవ్వ’ అంటే ముసలమ్మ. నిజామాబాదు పల్లెలలో అనేక ఇండ్లలో అవ్వ అంటే కన్నతల్లి. కర్ర పట్టుకొన్న నెరసిన జుట్టు బొమ్మ చూపి ‘అవ్వ’ అని నేర్పితే, ఆ బిడ్డ మనసులో ఏమనుకొంటుంది? ఉల్లిగడ్డ తప్పు, ఉల్లిపాయ ఒప్పు అని దిద్దేవారున్నారు. నల్లా అనకు, కుళాయి అను అని చెప్పేవారున్నారు. అటువైపు క్యాంపు పిల్లవాడు ‘పంచదార’ అంటే తక్కిన పిల్లలు నవ్వడమూ ఉన్నది. పుస్తకాలు, సినిమాలు, చెప్పక తప్పదు, రేడియో కూడా చాలకాలం ఒక ప్రాంతపు పలుకుబడినే మంచి తెలుగుగా వినిపించినవి. రాత వచ్చిన తరువాత పుస్తకభాష ఎట్లాగూ వస్తుంది. మూడేండ్లనాడు ‘అవ్వ’ అన్న మాటను కొట్టివేయడంలో తెలుగుకు కలిగే లాభం నాకు కనిపించదు. చెరకుగడ బొమ్మ క్రింద చక్కెర, పంచదార, శక్కర్, సాఖర్ అన్ని మాటలూ చెప్పించి, ఎవరింట ఏమంటారో చెప్పమంటే అది ఒక ఆట. ఒకే వస్తువుకు అనేక పేర్లుండవచ్చునన్న గొప్ప సంగతి ఆ ఆటలోనే బోధపడుతుంది.

పండుగల విషయంలో మన బడులు శ్రద్ధగానే ఉన్నవి. ఆ శ్రద్ధ తరచు వేషాల దగ్గర ఆగిపోతున్నది. సంవత్సరానికొకనాడు లంబాడీ పిల్లకు అద్దాల రైక తొడిగి, ముస్లిం పిల్లవానికి టోపీ పెట్టి, వరుసగా నిలబెట్టి ఫొటో తీయడంతో పని ముగిసినదని తలుస్తారు. మిగిలిన దినాలలో ఆ పిల్లల పేర్లు సరిగా పలికేవారుండరు. పేరు పలుకడం చిన్న విషయం కాదు. ఇంటినుండి బడికి బిడ్డ తెచ్చుకొనే మొదటి ఆస్తి అది. నోరు తిరగడం లేదని మరొక పేరు పెట్టి పిలవడం కంటె, తల్లినడిగి నాలుగుసార్లు పలికి నేర్చుకోవడం మర్యాద.

పండుగలు పాఠాలుగా పనికివచ్చే తీరు వేరు. శ్రావణ అమావాస్యనాడు మరాఠీవారికి పోళా, మన పల్లెలలో పొలాల అమావాస్య; రెండు చోట్లా ఎద్దులకు పూజ. ఆ వారం పిల్లలందరి చేత బంకమట్టితో ఎద్దులు చేయిస్తే వ్రేళ్లకు మంచి పని. వ్రాతకు అదే మొదటి సాధన. లంబాడీ కన్నెపిల్లలు తీజ్ పండుగకు బుట్టలలో గోధుమలు చల్లి తొమ్మిది దినాలు నీరు పోసి మొలకలు పెంచుతారు. గింజ మొలకయ్యే వింత చూపడానికి ఇంతకంటె మంచి ప్రకృతిపాఠం ఏ పుస్తకంలో ఉన్నది? ఉగాది, గుడీపాడ్వా ఒకేనాడు వస్తవి. బతుకమ్మ పూలతో రంగులు నేర్పవచ్చు, లెక్క నేర్పవచ్చు. రంజాను నెలవంకతో చంద్రుని కళలు చెప్పవచ్చు. ఇందులో ఏ బిడ్డా ప్రదర్శనవస్తువు కాదు; అందరి చేతులకూ మట్టి అంటుతుంది.

భోజనంలో మరింత జాగ్రత్త కావలెను. అంగన్‌వాడీలో గ్రుడ్డు పెట్టడం బలానికి మంచిది, అది ఆగరాదు. తినని ఇంటి బిడ్డను బలవంతపెట్టడం గాని, తినే బిడ్డను చూచి ముఖం చిట్లించడం గాని పెద్దలు చేస్తే పిల్లలు క్షణంలో పసిగడతారు. జొన్నరొట్టె తెచ్చుకొన్న పిల్లను వెక్కిరించడమూ అంతే.

ఇక్కడ ఒక అడ్డుగీత గీయకపోతే నా మాటకు తప్పుడు అర్థం వస్తుంది. ఇంటినుండి వచ్చినదంతా గౌరవించదగినది కాదు. ఫలానావారి పిల్ల ప్రక్కన కూర్చోవద్దని ఇంట్లో చెప్పి పంపితే, ఫలానా ఆమె వండినది మా వాడు తినడని తల్లి వచ్చి అంటే, దానికి ఆచారమని పేరు పెట్టి ఊరుకోరాదు. బిడ్డ పలుకును, పేరును, పళ్లెంలోని రొట్టెను గౌరవించడం ఒకటి; ఒక బిడ్డను మరొక బిడ్డకు తక్కువ చేసే కట్టుబాటును సాగనీయడం మరొకటి. చాపలు కలిపి వేయవలసినది, పంక్తి కలిపి కూర్చుండబెట్టవలసినది టీచరే. అందుకు ఊరిలో ఎదురుమాట వస్తే ఆమె వెనుక నిలవవలసినది ఆ ఊరి పెద్దలు.

ఇంత చిన్నపిల్లలకు ఇట్టి తేడాలు తెలుస్తవా అని సందేహించేవారున్నారు. 1940 ప్రాంతంలో అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు మూడేండ్లనుండి ఏడేండ్ల వయసుగల నల్లజాతి పిల్లల ముందు తెల్ల బొమ్మలు, గోధుమరంగు బొమ్మలు పెట్టి ఏది మంచిదో చెప్పమన్నారు. ఎక్కువమంది పిల్లలు తెల్ల బొమ్మనే మంచిదన్నారు. తమ రంగు బొమ్మ ఏదో చూపమన్నప్పుడు కొందరు ఏడ్చినారు. బడులలో జాతులను వేరుచేయడం చెల్లదని 1954లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉన్నది. తనవారిని లోకం ఏ కంట చూస్తున్నదో మూడేండ్లకే బిడ్డకు తెలుస్తుంది. చెప్పడం మాత్రం రాదు.

ఇక రేడియో ఉన్న ఇండ్లవారికి ఒక మాట. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు, మన రేడియో అన్నయ్య, అక్కయ్య, పిల్లల కార్యక్రమంలో పిల్లల గొంతులే వినిపించవలెనని పట్టుపట్టినవారు. పెద్దలు పిల్లలకు చెప్పే నీతుల కంటె ఒక పిల్లవాడు తడబడుతూ చెప్పిన కథను శ్రోతలు ఎక్కువ ఇష్టపడినారు. ఆ పని ఇంట్లోనూ చేయవచ్చు. సాయంకాలం ప్రక్కయింటి పిల్లలను కూడా కూర్చుండబెట్టి, ఒక్కొక్కరిని వారి ఇంటి మాటలో ఒక కథ చెప్పమనండి. అర్థం కాని చోట మీ పిల్లలే అడిగి తెలుసుకొంటారు. వినడానికి ఒక పెద్దమనిషి కూర్చున్నాడన్నదే చెప్పే బిడ్డకు చాలు.

అంగన్‌వాడీలో బిడ్డను చేర్చేనాడు పేరు, పుట్టిన తేదీ, బరువు వ్రాసుకొంటారు. దానికి ప్రక్కన మూడు విషయాలు అడిగి వ్రాసుకొంటే బాగుండును: ఇంట్లో ఏమని పిలుస్తారు, ఏ భాషలో ఏడుస్తుంది, ఏమి తినదు. చెరకు కొట్టే కాలంలో గాని, ఇతర పనుల కాలంలో గాని నాలుగు నెలలకు వచ్చి పోయే కుటుంబాల పిల్లల విషయంలో ఇది మరింత అవసరం. వారి మౌనం కరిగేలోగానే వారి గుడిసెలు కదిలిపోతవి. ఆరేండ్లు నిండి బిడ్డ పెద్దబడికి వెళ్లేటప్పుడు ఆ కాగితం కూడా వెంట వెళ్లవలెను. ఒకటవ తరగతి పంతులుగారికి మొదటిరోజుననే ఈ పిల్ల మాట్లాడగలదని, ఏ మాటలో మాట్లాడుతుందో తెలిసి ఉంటుంది.